చేతిలో సెల్‌ఫోన్, ఎదురుగా నగరం – మనకు మనమే చెప్పుకునే పాఠం



మేము ఇదే హాస్టల్లో పదో తరగతి వరకు చదివి, ఇంటర్మీడియెట్ తర్వాత డిగ్రీకని హైదరాబాద్ చేరిన నలుగురం. మూడేళ్లు నగరంలో ఉన్నా మాకు తెలిసిన చోట్లు నాలుగే. కాలేజీ, కాలేజీ హాస్టల్, కోచింగ్ సెంటర్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్. గ్రూప్స్ పరీక్షల కోసం 1908 మూసీ వరదల గురించి తేదీతో సహా బట్టీ పట్టాం. ఆ పాఠం చదువుతూనే సిటీ బస్సులో అదే మూసీ మీద ఎన్నోసార్లు దాటిపోయాం. కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది లేదు.

ఒకసారి సెలవుల్లో ఇక్కడికి వచ్చి మన తమ్ముళ్లకు ఆ పాఠమే చెబుతున్నాం. "వరదలో నూటయాభై మందిని ఒక చింతచెట్టు కాపాడింది" అని చెప్పగానే వెనక వరసలో కూర్చున్న తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు లేచి, "అన్నా, ఆ చెట్టు ఇంకా ఉన్నదా? మీరు చూసిన్రా?" అని అడిగాడు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా మాకు రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం. సెల్‌ఫోన్ సాయంతో ఆటలాగా ఒక నగరాన్ని ఎలా చదవవచ్చో, అది ఎలా పనిచేస్తుందో, మాకు ఎక్కడ దెబ్బతగిలిందో వరుసగా చెబుతాం. చదివి ఊరుకోకుండా మీరూ ఒకటి తయారు చేయాలన్నదే మా కోరిక.

1. ఈ ఆట ఏమిటి?

చిన్నప్పుడు మనం ఆడిన దాగుడుమూతలకు, పొడుపుకథలకు పెళ్లి చేస్తే పుట్టిన బిడ్డ ఇది. ఇంగ్లీషు మీడియం బళ్లలో 'ట్రెజర్ హంట్' అంటారు. ఒక చీటీలో ఒక పొడుపు ఉంటుంది. దాన్ని విప్పితే ఒక చోటు తెలుస్తుంది. ఆ చోటికి నడిచివెళ్లి, అక్కడ కళ్లారా చూస్తే తప్ప తెలియని ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. ఆ జవాబుతో రెండో చీటీ తెరుచుకుంటుంది. ఇలా ఏడెనిమిది చోట్లు తిరిగేసరికి ఒక పేట మొత్తం పరిచయమవుతుంది.

ఇందులో గైడు ఉండడు. ముందు నడిచి "ఇటు చూడండి, అటు చూడండి" అనేవాడు లేడు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ టీ తాగాలో, ఎంతసేపు కూర్చోవాలో జట్టు ఇష్టం. తప్పుదారి పట్టినా ఎవరూ తిట్టరు. ఆ తప్పుదారిలో కూడా ఏదో ఒకటి కనబడుతుంది.

దీనికి పాత చరిత్ర ఉంది. 1854లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో జేమ్స్ పెరట్ అనే దారి చూపే మనిషి ఒక మూలన ఒక సీసా పెట్టి, అక్కడిదాకా నడిచి వచ్చినవాళ్లు తమ చీటీ అందులో వేసి వెళ్లే పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత అక్కడ ఇలాంటి పెట్టెలను వెతకడం ఒక వేడుకైపోయింది. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలలో కావాలని కలిపే తప్పును తీసేసింది. మామూలు జనం చేతిలోని యంత్రాలు కూడా చోటును దగ్గరగా చూపసాగాయి. మరునాడే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్‌ను దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. అలా 'జియోకాషింగ్' పుట్టింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ యంత్రం అందరి జేబుల్లోకి చేరింది. 2016లో వచ్చిన పోకెమాన్ గో ఆట కోసం దేశదేశాల్లో జనం ఫోను పట్టుకుని వీధుల్లో పడ్డారు. మనం వెతికేది మాత్రం బొమ్మలను కాదు, మన చరిత్రను.

2. ఫోనుకు మనం ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది?

ఇది మన సైన్సు పాఠమే. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఈ వ్యవస్థకు కనీసం 24 ఉపగ్రహాలు కావాలి. ప్రతి ఉపగ్రహంలో చాలా ఖచ్చితమైన పరమాణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని అది ఎడతెగకుండా రేడియో సంకేతం పంపుతుంది. ఆ సంకేతం కాంతి వేగంతో, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఉపగ్రహం సరిగ్గా నెత్తిమీద ఉంటే 20,200ను 3,00,000తో భాగించండి. సుమారు 0.067 సెకను. ఈ ఆలస్యాన్ని బట్టే ఫోను దూరాన్ని లెక్కగడుతుంది.

ఒక ఉపగ్రహం నుంచి దూరం తెలిస్తే మనం ఒక పెద్ద గోళం మీద ఎక్కడో ఉన్నామని అర్థం. రెండు గోళాలు కలిసేచోట ఒక వృత్తం వస్తుంది. మూడోది వచ్చి చేరితే రెండు బిందువులే మిగులుతాయి. అందులో ఒకటి భూమికి ఎక్కడో దూరంగా ఉంటుంది కాబట్టి వదిలేస్తాం. మరి నాలుగో ఉపగ్రహం ఎందుకు? ఫోనులోని గడియారం చవకది. అది సెకనులో పదిలక్షో వంతు తప్పినా లెక్క 300 మీటర్లు తప్పిపోతుంది. ఆ తప్పును సరిచేయడానికి నాలుగోది కావాలి. మూడు కొలతలకు మూడు, సమయానికి ఒకటి. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు అన్నమాట. మన దేశానికి కూడా 'నావిక్' అనే సొంత వ్యవస్థ ఉంది. దాన్ని ఇస్రో తయారుచేసింది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి రెండు. ఒకటి, ఫోను ఉపగ్రహానికి ఏమీ పంపదు, వింటుంది అంతే. కాబట్టి చోటు తెలుసుకోవడానికి డేటా బ్యాలెన్సు అక్కర్లేదు. మ్యాపు బొమ్మ దిగడానికే డేటా కావాలి. హాస్టల్లో ఉన్నప్పుడే మ్యాపును డౌన్‌లోడ్ చేసి దాచుకుంటే తర్వాత ఖర్చు లేదు. రెండు, ఇరుకు గల్లీలలో, ఎత్తయిన గోడల మధ్య సంకేతం గోడకు తగిలి తిరిగి వస్తుంది. అప్పుడు ఫోను మనల్ని పక్క గల్లీలో ఉన్నట్టు చూపుతుంది. కాబట్టి ఫోనును నమ్మండి కానీ కళ్లను అంతకంటే ఎక్కువ నమ్మండి.

3. మా దారి: చార్మినార్ నుంచి ఇసామియా బజార్ దాకా

మేము ఎంచుకున్న దారి నాలుగు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. శుక్రవారం మక్కా మసీదుకు నమాజు కోసం జనం ఎక్కువగా వస్తారు, ఆదివారం చార్మినార్ దగ్గర కాలు పెట్టే చోటుండదు. అందుకని సెలవుల్లో ఒక బుధవారం పెట్టుకున్నాం. పన్నెండు మంది తమ్ముళ్లు, మూడు జట్లు, జట్టుకు ఒక ఫోను, వెనకాల ఒక అన్న. అన్న నోరు విప్పకూడదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకోవాలి. అదీ ఒప్పందం.

మొదటి చోటు, చార్మినార్: 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. నాలుగు వైపులా ఉన్న గడియారాలు చాలా తర్వాత, 1889లో పెట్టినవి. మొదటి పొడుపు ఇలా రాశాం: "ఒంటికి నాలుగు చేతులు, పొట్టకు నాలుగు కళ్లు. కళ్లు చేతులకంటే దాదాపు మూడు వందల ఏళ్లు చిన్నవి. నా ఎత్తెంత?" చేతులంటే మీనార్లు, కళ్లంటే గడియారాలు. 1889 నుంచి 1591 తీసేస్తే 298.

ఎత్తు కొలవడానికి టేపు అక్కర్లేదు, పదో తరగతి త్రికోణమితి చాలు. చతురస్రాకారపు కాగితాన్ని మూలకు మూల మడిస్తే 45 డిగ్రీలు వస్తుంది. ఆ అంచు వెంట చూస్తూ, మీనారు కొస సరిగ్గా ఆ అంచున కనబడేదాకా వెనక్కి నడవాలి. 45 డిగ్రీల టాంజెంటు 1 కాబట్టి, మీనారు మొదలు నుంచి మనం నిలబడ్డ దూరమే, మన కంటి ఎత్తు నుంచి పైకి ఉన్న ఎత్తు. దానికి కంటి ఎత్తు కలపాలి. ఒక తమ్ముడి అడుగు పొడవు 72 సెంటీమీటర్లని హాస్టల్ వరండాలోనే కొలిచి పెట్టుకున్నాం. వాడికి 70 అడుగులు వచ్చాయి. 50.4 మీటర్లు. కంటి ఎత్తు మీటరున్నర కలిపితే దాదాపు 52. సుమారు 56 మీటర్లని కొన్ని పుస్తకాలు, 49కి కాస్త తక్కువని మరికొన్ని రాస్తాయి. మావాడి లెక్క మధ్యలో పడింది. "పుస్తకాలే కొట్లాడుకుంటున్నయ్ అన్నా, నాది నయమే" అన్నాడు. కొలిచి చూసినవాడికే ఆ మాట అనే హక్కుంటుంది.

రెండో చోటు, చార్ కమాన్: చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు పెద్ద కమానులు, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి. ఇవీ చార్మినార్ కాలానివే. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి, ఫోనులోని దిక్సూచి తెరిచి, ఏ దిక్కున ఏ కమాను ఉందో పటం గీయాలి. దక్షిణాన చార్మినార్ కమాను, ఉత్తరాన మచ్లీ కమాను, తూర్పున కాలీ కమాను, పడమర షేర్-ఎ-బాతిల్ కమాను. దిక్కులు తెలియకుండా ఏ పటమూ చదవలేం. రెండో జట్టు ఫోనును ఇనుప రెయిలింగు మీద పెట్టి చూసింది. దిక్సూచి తప్పు చూపింది. సూర్యుణ్ణి చూసి సరిచేసుకున్నారు. ఇనుము దగ్గర దిక్సూచి చెడుతుందన్న పాఠం ఆ రోజు ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

మూడో చోటు, పత్తర్‌గట్టి: పత్తర్ అంటే రాయి. రోడ్డుకు రెండు వైపులా ఒకే తీరు రాతి తోరణాలతో దుకాణాల వరసలు. 1908 వరద తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి కట్టించిన పనుల్లో ఇదొకటి. ఇక్కడ పని: తల పైకెత్తి చూడడం. కింద బట్టల దుకాణాల బోర్డులు చూస్తే ఏ బజారైనా ఒకటే. తోరణాల పైభాగం చూస్తే అది ఎవరో ఆలోచించి గీసిన వీధి అని తెలుస్తుంది. ఒక తోరణాన్ని నోటు పుస్తకంలో గీసుకుని రమ్మన్నాం.

నాలుగో చోటు, నయాపూల్: పొడుపు: "పేరు కొత్తది, వయసు పాతది. నాకంటే పాతదాన్ని చూసి నన్ను కొత్తదన్నారు." మూసీ మీద మొదటి వంతెన పురానాపూల్, 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టింది. మూడు శతాబ్దాల తర్వాత అఫ్జలుద్దౌలా నవాబు కాలంలో ఇక్కడ మరో వంతెన కట్టేసరికి అది కొత్తదైంది. ఆయన పేరనే అవతల ఒడ్డున అఫ్జల్‌గంజ్ వెలిసింది. వంతెన మీద నిలబడితే దక్షిణపు ఒడ్డున హైకోర్టు భవనం, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనబడతాయి. రెండింటికీ నమూనాలు తయారుచేసినవారిలో ఆంగ్లేయ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ ముఖ్యుడు. హైకోర్టు 1920లో ప్రారంభమైంది.

మూసీ నీళ్లు నల్లగా, వాసనగా ఉన్నాయి. మా తమ్ముళ్లు ముక్కు మూసుకున్నారు. "ఈ చిన్న నదేనా అన్నా నగరాన్ని ముంచింది?" అని ఒకడు. ఆ ప్రశ్ననే మేము ఐదో చీటీకి తాళం చెవిగా పెట్టుకున్నాం.

4. ఆ చెట్టు

1908 సెప్టెంబర్ 28న మూసీ కట్టలు తెంచుకుంది. సుమారు 15 వేల మంది చనిపోయారని చరిత్ర రాసింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని కళ్లముందే పోగొట్టుకుని తానొక్కడూ బతికాడు. ఆ రోజు నది ఒడ్డున ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా ప్రకారం వరదను పైనే ఆపడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం గండిపేట నీళ్లని చెప్పుకునేది ఉస్మాన్‌సాగర్ గురించే. ఒక విపత్తు నుంచి నగరానికి తాగునీరు కూడా వచ్చిందన్నమాట.

ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. పొడుపు: "ఆ రాత్రి నదికి కోపం వచ్చింది. నేను కొమ్మలు చాచాను. నా పులుపు కూరలోకి, నా చల్లదనం రోగులకు. నా కింద నిలబడి చెప్పు, ఎంతమందిని మోశాను?"

మూడు జట్లూ పది నిమిషాల తేడాతో అక్కడికి చేరాయి. అది ఆసుపత్రి కాబట్టి అరవవద్దని, రోగులనూ వాళ్ల వెంట వచ్చినవాళ్లనూ ఫొటో తీయవద్దని ముందే చెప్పాం. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ దగ్గరలో చాపలు పరుచుకుని మన ఊళ్ల మనుషుల్లాంటి వాళ్లే టిఫిన్ క్యారియర్లు విప్పి తింటున్నారు. పాత భవనంలోకి 2020 వర్షాల్లో నీళ్లు చేరాక అక్కడి రోగులను వేరే బ్లాకులకు మార్చారు. అయినా ఈ ఆవరణ జనంతో నిండే ఉంటుంది. ఆ మొదటి ప్రశ్న అడిగిన తమ్ముడు చెట్టు మొదలు దగ్గరికి వెళ్లి చేత్తో తాకి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, దీన్ని ఎక్కినోళ్లల్ల పిల్లలు కూడా ఉంటరు గదా" అన్నాడు.

అదే పాఠం మేము వంద మార్కుల పేపర్లలో ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. ఆ మాట మాకు ఒక్కసారీ తట్టలేదు.

5. పుస్తకాల ఇళ్లు రెండు

ఆరో చోటు, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం: 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఇప్పుడున్న పెద్ద భవనంలోకి 1936లో వచ్చింది. ఇక్కడి ప్రశ్న కావాలనే నోరు తెరిచేలా పెట్టాం: "ఈ గ్రంథాలయం మొదటి పేరు ఏమిటో లోపల ఎవరినైనా మర్యాదగా అడిగి రాయండి." పెద్ద మెట్లు చూసి మావాళ్లు బయటే నిలబడిపోయారు. "మనల్ని పోనిస్తరా అన్నా?" అని మొదటి జట్టు. ఆ ప్రశ్న మాకు బాగా తెలుసు. మొదటి ఏడాది మేమూ అదే ప్రశ్నతో ఎన్నో గుమ్మాల ముందు నుంచి వెనక్కి వచ్చేశాం. ఒప్పందం ప్రకారం నోరు విప్పలేదు. చివరికి అందరికంటే చిన్నవాడు చెప్పులు సర్దుకుని లోపలికి నడిచాడు. ఐదు నిమిషాల్లో జవాబుతోపాటు, "పోటీ పరీక్షలకు చదివెటోళ్లు శానమంది కూసున్నరు, మనల్ని ఎవ్వరూ ఏమనలే" అన్న వార్త కూడా తెచ్చాడు.

ఏడో చోటు, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం: 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దీనికి ముఖ్యులు. నిజాం రాజ్యంలో పాలనంతా ఉర్దూలో నడుస్తున్న రోజుల్లో తెలుగు పుస్తకం కోసం ఒక ఇల్లు ఏర్పాటు చేయడం మామూలు సంగతి కాదు. ఇక్కడి పని: అది మొదలైన సంవత్సరాన్ని కనుక్కుని, ఆసఫియాకు దీనికి ఎన్నేళ్ల తేడానో లెక్కగట్టడం. జవాబు 10. పదో నంబరు కవరులో చివరి చీటీ ఉంది.

6. మ్యాపులో లేని చోటు

చివరి చీటీ ఇది: "బడిలోకి రానివ్వని పిల్లలకు బడి పెట్టినవాడు. ఆ బడి ఈ దగ్గరి బజారులోనే. మ్యాపు చెప్పదు. మనుషులను అడగండి."

ఆయన భాగ్యరెడ్డి వర్మ. 1888 మే 22న హైదరాబాద్‌లో మాదరి భాగయ్యగా పుట్టాడు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి హరికథలతో, భజనలతో జనాన్ని కదిలించాడు. 1910లో ఇసామియా బజార్‌లో దళిత పిల్లల కోసం బడి తెరిచాడు. అక్కడినుంచి మరిన్ని బడులు వచ్చాయి. 1917లో విజయవాడలో జరిగిన మహాసభకు అధ్యక్షత వహించాడు. 'పంచములు' అనే మాటను తోసిపుచ్చి 'ఆది ఆంధ్రులు' అనే పేరు ముందుకు తెచ్చిన సభ అదే. 1939లో కన్నుమూశాడు.

ఫోనులో ఇసామియా బజార్ చూపింది, బడి చూపలేదు. మూడు జట్లూ గంటసేపు గల్లీలు తిరిగాయి. కిరాణా దుకాణంలో, టీ బండి దగ్గర, తాళాలు బాగుచేసే చాచాను అడిగారు. కొందరికి పేరు తెలుసు, చోటు తెలియదు. మేము వెతికినంత మేరకు ఆ మొదటి బడి గుర్తుగా ఒక పలక కూడా కనబడలేదు. ఆటలో చివరి చోటు దొరక్కపోతే ఓడినట్టే. మూడు జట్లూ ఓడిపోయాయి.

సాయంత్రం పార్కులో కూర్చుని, తెచ్చుకున్న పులిహోర పొట్లాలు విప్పుతూ దాని గురించే మాట్లాడుకున్నాం. నవాబు కట్టిన గడియారం ఎక్కడుందో ప్రతి ఫోనుకూ తెలుసు. మన తాతలకు అక్షరం ముట్టించిన బడి ఎక్కడుందో ఏ ఫోనుకూ తెలియదు. మ్యాపు అబద్ధం చెప్పదు. కానీ ఎవరో రాసి పెట్టినదాన్నే అది చూపుతుంది. రాయని చోట్లు దానికి లేనట్టే. ఈ సాంఘిక సంక్షేమ హాస్టల్ గోడల మధ్య కూర్చుని చదువుకునే మనకు ఆ గల్లీతో ఎంత చుట్టరికం ఉందో చెప్పనక్కర్లేదు. ఆ చోటును వెతికి, పెద్దలను అడిగి, రాసిపెట్టే పని మనదే. అది ఆ రోజు మిగిలిన తొమ్మిదో చీటీ. ఇంకా విప్పలేదు.

7. మాకు తగిలిన దెబ్బలు

తప్పులు దాచుకుంటే తర్వాతివాళ్లూ అవే చేస్తారు. అందుకే రాస్తున్నాం.

మేము మొదట ఒక పొడుపును ఒక దుకాణం బోర్డు మీద ఆధారపడి రాశాం. నెల తర్వాత వెళ్లేసరికి బోర్డే మారిపోయింది. అప్పటినుంచి రాయి, చెట్టు, వంతెన, శిలాఫలకం లాంటివే ఎంచుకున్నాం.

ఒక ప్రశ్నను తమ్ముళ్లు కదలకుండానే ఫోనులో వెతికి రాసేశారు. అది వాళ్ల తప్పు కాదు, మాది. అక్కడికి వెళ్తేగాని తెలియని ప్రశ్నే అసలు ప్రశ్న.

ఒక భవనం గేటు దగ్గర కాపలా మనిషి మూడో జట్టును ఆపి, "ఎవరు మీరు, ఏ ఊరు, ఫోను ఎవరిది?" అని అరగంట కూర్చోబెట్టాడు. వెనకాల అన్న వెళ్లి మాట్లాడితేగాని వదల్లేదు. మా పిల్లల మొహాలు చిన్నబోయాయి. ఫోను చేతిలో ఉన్నంత మాత్రాన దొంగతనం చేసినట్టా అని ఒకడు అడిగితే మాకు గొంతు పెగల్లేదు. తర్వాతిసారి నుంచి హాస్టల్ ఐడెంటిటీ కార్డులు, వార్డెన్ సార్ సంతకంతో ఒక ఉత్తరం ప్రతి జట్టు దగ్గరా ఉంచాం. అడిగితే తల దించుకోకుండా, గొంతు పెంచకుండా ఉత్తరం చూపండి. వీధిలో నడవడం మన హక్కు. లోపలికి వెళ్లడానికి అనుమతి అడగడం మన మర్యాద.

8. మీరు తయారు చేయాలంటే

ఒకటి: ముందు మీరు ఆ దారంతా కనీసం రెండుసార్లు నడవండి. ఎండ, రోడ్డు దాటే చోట్లు, మంచినీళ్లు, మూత్రశాలలు ఎక్కడో రాసుకోండి.

రెండు: ఆరు నుంచి ఎనిమిది చోట్లు చాలు. ప్రతి చోటా ఒక పొడుపు, ఒక చూసే ప్రశ్న, ఒక చేసే పని. ఒక ప్రశ్న తప్పకుండా మనుషులను అడిగేదై ఉండాలి.

మూడు: చీటీలు తెరుచుకోవడానికి ప్రత్యేక యాప్ అక్కర్లేదు. గూగుల్ ఫామ్‌లో సరైన జవాబు కొడితేనే తర్వాతి పేజీ వచ్చేలా పెట్టవచ్చు. డేటా లేకపోతే నంబర్లు వేసిన కవర్లు చాలు. జవాబే కవరు నంబరు. క్యూఆర్ కోడ్‌లో కూడా చిన్న పొడుపును దాచవచ్చు. 1994లో జపాన్‌లో కారు విడిభాగాల లెక్క కోసం పుట్టిన ఆ నలుపు తెలుపు గడుల్లో అక్షరాలే ఉంటాయి గనుక, దాన్ని చదవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. కానీ చారిత్రక కట్టడాల మీద ఏదీ అంటించకండి, గీయకండి.

నాలుగు: నలుగురికి ఒక ఫోను మంచిది. ఒకరు ఫోను, ఒకరు పటం, ఒకరు రాత, ఒకరు దారి అడగడం. ప్రతి చోటా పని మార్చుకోండి. ఎప్పుడూ ఒకడే ఫోను పట్టుకుంటే మిగిలిన ముగ్గురికి వాడి వీపే కనబడుతుంది.

ఐదు: నడుస్తూ ఫోను చూడవద్దు. ఆగి చూడండి, జేబులో పెట్టి నడవండి.

ఆరు: హైదరాబాదే కావాలని లేదు. మన మండల కేంద్రంలోనూ చేయవచ్చు. రైల్వేస్టేషన్ పేరు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. రోడ్డు పక్క రాయికి పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. పాత బావి, పంచాయతీ ఆఫీసు శిలాఫలకం, మన హాస్టల్ ఎప్పుడు మొదలైందో చెప్పే పెద్దమనిషి, ఇవన్నీ చీటీలే.

చివరగా ఒక మాట. ఊరు నుంచి నగరానికి వెళ్లే ప్రతి తమ్ముడికీ మొదట భయమే ఎదురవుతుంది. పెద్ద మెట్లు, పెద్ద గేట్లు, మనల్ని పోనిస్తారా అన్న ప్రశ్న. మాకు ఆ భయం పోవడానికి మూడేళ్లు పట్టింది. ఆ బుధవారం సాయంత్రానికి మన పన్నెండు మందికి అది సగం పోయింది. తిరుగు బస్సులో నయాపూల్ దాటుతుంటే పన్నెండు తలలూ కిటికీల వైపే తిరిగాయి. ఆసుపత్రి గుమ్మటాల వైపు చెయ్యి చూపి, "చెట్టు ఆ పక్కనే" అని ఆ తొమ్మిదో తరగతి తమ్ముడు పక్క సీట్లోని పెద్దాయనకు వరద సంగతి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

తర్వాతి వార్షికోత్సవ సంచికకు మీ మండలం చీటీలు రాసి పంపండి. ఇసామియా బజార్ బడి చోటు మీలో ఎవరైనా కనుక్కుంటే, దాన్ని మొదటి పేజీలో వేయమని సంపాదకవర్గాన్ని మేమే అడుగుతాం.

– పూర్వ విద్యార్థుల బృందం